ముప్పై ఎనిమిది దగ్గర ఎవరూ లేరు

ఇరవయ్యో స్టూలుకి ఆఖరి కాలు బిగించి, అత్త దాన్ని నేల మీద నిలబెట్టింది. అరచేత్తో పీట మీద నాలుగు వైపులా నొక్కి చూసింది. ఎటూ ఊగలేదు.

"చూడవే ఉడుతా, ఎంత బుద్ధిగా నిలబడిందో. నీకంటే నయం."

"నాకు రెండే కాళ్లు అత్తా. నాలుగుంటే నేనూ బుద్ధిగానే నిలబడేదాన్ని," అంది ఉడుత.

ఉడుతకి పన్నెండేళ్లు, ఏడో తరగతి. బళ్లో రిజిస్టరులో ఇంకో పేరుంది గాని, ఆ పేరుతో పిలిస్తే తననేనా అని ఒక్క క్షణం ఆలోచించుకుని మరీ పలుకుతుంది. ఒకచోట కాలు నిలవదనీ, నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉంటుందనీ తాతయ్య పెట్టిన పేరది. తాతయ్య పోయి ఏడాదిన్నర అయింది. పేరు మిగిలింది. ఇంటి వెనక ఆయన వడ్రంగం చేసిన రేకుల షెడ్డు మిగిలింది. ఆ షెడ్డులో ఆయన పక్కన పదేళ్ల వయసు నుంచీ రంపం పట్టిన అత్త మిగిలింది.

ఆ షెడ్డు ఉంటుందా పోతుందా అన్నది ఇప్పుడు ఈ ఇరవై స్టూళ్ల మీదే ఆధారపడి ఉంది. నాన్న చెడ్డవాడేమీ కాదు. కాకపోతే చప్పుడు లేని ఆ షెడ్డు కనిపించినప్పుడల్లా ఆయనకి తండ్రి ఖాళీ మంచం చూసినట్టే ఉండేది. తాతయ్య పేరు చెప్పుకుని వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. ఆడమనిషి చేతి బల్ల ఎన్నాళ్లుంటుందని కొందరు నోరు తెరిచే అన్నారు. చివరికి వీధి చివర టైర్లాయన సరుకు పెట్టుకోవడానికి షెడ్డు అడిగేసరికి నాన్న మనసు అటు మొగ్గింది.

"ఒక్క ఆర్డరు అక్కా," అన్నాడు నాన్న. "నీ పేరు మీద, నీ చేత్తో ఒక్క ఆర్డరు పూర్తిచెయ్యి. వాళ్లు సరేనని తీసుకుంటే షెడ్డు నీదే, ఇంక నేను నోరెత్తను. తిరిగొచ్చిందా, నువ్వు నోరెత్తకూడదు. తాళం టైర్లాయనకి ఇచ్చేస్తా."

"పంచాయితీ బానే చెప్పావురా తమ్ముడూ," అంది అత్త. "రాసిపెట్టుకో."

నెల తిరక్కుండానే ఉడుత బడి నుంచే ఆర్డరు వచ్చింది. బళ్లో కొత్తగా చదువుల గది పెట్టారు. పొద్దున ఆరో తరగతిలో పదిమంది, ఎనిమిదో తరగతిలో పదిమంది కలిసి అక్కడ కూర్చుని చదువుకోవాలి. వాళ్లకి ఇరవై స్టూళ్లు కావాలి, అన్నీ ఒకేలా ఉండాలి అన్నారు హెడ్ మిస్ట్రెస్. అత్త తాతయ్య అలవాటు కొలతే వేద్దామనుకుంది. అడ్డుపడింది ఉడుతే.

"తాతయ్య కొలత పెద్దవాళ్లది అత్తా! మాకు లెక్కల్లో ఇప్పుడు ఇదే పాఠం. ఎవరికి వాళ్లు దత్తాంశం సేకరించి తీసుకురమ్మన్నారు టీచర్. నేను ఆ ఇరవైమంది మోకాళ్ల ఎత్తు కొలుస్తా. సగటు కట్టి నీకు ఇస్తా. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు."

అన్నట్టే కొలిచింది. గోడకి ఆనించి, చెప్పులు వేయించి, నేల నుంచి మోకాలి మడత దాకా టేపు పట్టి, ఒక్కొక్కరినీ "కదలకు, కదలకు" అని గదమాయిస్తూ కొలిచింది. ఇరవై అంకెలు కూడింది, ఇరవైతో భాగించింది. సరిగ్గా ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. శేషం కూడా లేదు. అనుమానం తీరడానికి అంకెల్ని వరసలో పేర్చి మధ్యగతం కూడా చూసింది. అదీ ముప్పై ఎనిమిదే. రెండు దారుల్లో వెళ్లినా ఒకే గుమ్మం ముందు తేలితే ఇంక అనుమానం దేనికి? టీచర్ చుక్కల పటం కూడా వెయ్యమన్నారు గాని, బొమ్మలు లెక్కలు రానివాళ్లకి కదా అని ఉడుత దాన్ని పక్కన పెట్టేసింది.

అత్త ముప్పై ఎనిమిదికి కోసింది. తాతయ్య మూడు వేసవులు ఎండబెట్టి దాచిన పలకలన్నీ అందులోనే అయిపోయాయి.

*

శుక్రవారం లెక్కల పీరియడులో టీచర్ ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచారు. ఆవిడకి సుద్దముక్కని చెవి వెనక పెట్టుకునే అలవాటు. అందుకని ఎడమ చెవి ఎప్పుడూ తెల్లగా ఉంటుంది.

ఉడుత వంతు వచ్చింది. గడగడా చెప్పేసింది. "సగటు ముప్పై ఎనిమిది. మధ్యగతం ముప్పై ఎనిమిది. వ్యాప్తి పది. బాహుళకం రెండున్నాయి టీచర్. ముప్పై నాలుగు ఆరుసార్లు, నలభై రెండు ఆరుసార్లు."

"ఒకటి కాకుండా రెండెందుకొచ్చాయి?"

"ఏమో టీచర్. వచ్చాయి."

"పిలవకుండా రావడానికి అవేమన్నా చుట్టాలా?" అన్నారు టీచర్. క్లాసు గొల్లుమంది. "పటం ఏది?"

"వెయ్యలేదు టీచర్."

"ఇప్పుడు వెయ్యి. గీత గియ్యి, ముప్పై మూడు నుంచి నలభై మూడు దాకా అంకెలు వెయ్యి. ఒక్కొక్క పిల్లకీ పిల్లాడికీ ఒక్కొక్క చుక్క."

ఉడుత పెట్టడం మొదలుపెట్టింది. ముప్పై మూడు మీద రెండు. ముప్పై నాలుగు మీద ఒకదాని మీద ఒకటి ఆరు. ముప్పై అయిదు మీద రెండు. అక్కడ చెయ్యి ఆగింది. తర్వాత చుక్క ఎక్కడ పెట్టాలో చూసుకుంటే, నలభై ఒకటి దాకా జరిగి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ రెండు, పక్కన ఆరు, ఆ పక్కన రెండు. గీతకి ఈ చివర ఒక కుప్ప, ఆ చివర ఒక కుప్ప. నడుమంతా బోర్డు నల్లగా ఖాళీ.

"ముప్పై ఎనిమిది దగ్గర ఎంతమంది ఉన్నారు?" అడిగారు టీచర్.

ఉడుత నోట్లో నములుతున్నదేదో మింగేసింది. "ఎవరూ లేరు టీచర్."

"మరి నీ సగటు ఎవరి ఎత్తు?"

"ఎవరిదీ కాదు."

"అదీ!" అన్నారు టీచర్ సంబరంగా. "అందరూ వినండి. ఈమె అంకెల్లో తప్పు లేదు, కూడిక సరే, భాగహారం సరే. కానీ రెండు గుంపుల్ని ఒక గుంపనుకుంది. చిన్నవాళ్లు ఒక పక్క, పెద్దవాళ్లు ఒక పక్క. ముందు కంటితో చూడాలి, ఆ తర్వాత లెక్క కట్టాలి. ఎంత మంచి ఉదాహరణ తెచ్చావమ్మా! కూర్చో."

ఉడుత కూర్చుంది. పక్కపిల్ల వీపు తట్టింది. మంచి ఉదాహరణ షెడ్డులో ఇరవై చోట్ల, ఎనభై కాళ్ల మీద నిలబడి ఉంది.

*

సాయంత్రం ఆమె ఒక్కతే ఇంటికి రాలేదు. ఆరో తరగతిలో అందరూ బటాణీ అని పిలిచే పిల్లనీ, ఎనిమిదో తరగతిలో నిచ్చెన అని పిలిచే అబ్బాయినీ వెంటబెట్టుకుని నేరుగా షెడ్డులోకి తీసుకొచ్చింది. అత్త ఉప్పుకాగితం పెట్టి పీటలు రుద్దుతోంది.

"ఎవరే వీళ్లు? పావలా, రూపాయీ పక్కపక్కన నిలబడ్డట్టున్నారు."

"కూర్చోండి," అంది ఉడుత వాళ్లతో, అత్తకి జవాబు చెప్పకుండా.

బటాణీ ఎక్కి కూర్చుంది. కాళ్లు నేలకి అందలేదు. "బావుందక్కా, ఊపుకోవచ్చు," అంది, ఊపుకుంటూ. నిచ్చెన కూర్చున్నాడు. కాళ్లు ముందుకి చాపాడు, వెనక్కి మడిచాడు, ఒక పక్కకి తిప్పాడు. చివరికి మోకాళ్ల మీద గడ్డం ఆనించినట్టు వంగి, "మా చెల్లి బొమ్మల కుర్చీ గుర్తొస్తోందండీ," అన్నాడు మర్యాదగానే.

కాసేపటికి బటాణీ ఊపడం మానేసింది. "అక్కా, నా కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి."

అత్త చేతిలో ఉప్పుకాగితం ఆగిపోయింది. ఇద్దరినీ చూసింది, వరసగా ఉన్న స్టూళ్లని చూసింది, మేనకోడల్ని చూసింది. పిల్లలకి చెరో బెల్లం ముక్క పెట్టి పంపేసింది. గుమ్మం దాకా వెళ్లి, వాళ్లు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"తిట్టు అత్తా," అంది ఉడుత. "తిట్టకపోతే నాకు అన్నం దిగదు."

"కూర్చునేవాణ్ణి చూడకుండా కొయ్య కొయ్యొద్దని మా నాన్న రోజూ చెప్పేవాడు. నేను చూడకుండా కోశాను. అంకెలు చెప్పింది నువ్వు, రంపం పట్టింది నేను. నీది సగం, నాది సగం." అత్త పెదవి చివర వంకర నవ్వొకటి వచ్చింది. "తప్పు కూడా సగటే వచ్చింది మనకి."

ఉడుతకి నవ్వు రాలేదు. "సోమవారం ఇవ్వాలి కదా."

"సోమవారం ఇవ్వాలి."

"మీ నాన్నకి చెప్పకు" అని అత్త అనలేదు. అంటే బావుండేదని ఉడుతకి అనిపించింది. రాత్రి భోజనాల దగ్గర అత్తే చెప్పేసింది. నాన్న అన్నం కలపడం ఆపాడు. "పాపం" అనలేదు, "నేను ముందే చెప్పాను" అనీ అనలేదు. "ఆదివారం టైర్లాయన షెడ్డు కొలుచుకోవడానికి వస్తానన్నాడు. వద్దనాలా?" అని మాత్రం అడిగాడు.

"రానీ," అంది అత్త. "సోమవారం ఇంకా కాలేదుగా."

నాయనమ్మ మజ్జిగ పోసుకుంటూ, "ఉన్న కాళ్లు పొట్టివని ఒకడూ పొడుగని ఒకడూ ఏడిస్తే వడ్రంగి ఏం చేస్తాడే," అంది. ఎవరూ నవ్వకపోతే, తనే నవ్వుకుంది.

*

శనివారం బడి లేదు. ఉడుత లేచేసరికే షెడ్డులో రంపం చప్పుడు వినిపిస్తోంది.

అత్త పది స్టూళ్లు తిరగేసి పెట్టుకుంది. బటాణీ గుంపుకి సగటు ముప్పై నాలుగు. అంటే ఒక్కో కాలికీ నాలుగు సెంటీమీటర్లు తియ్యాలి. మూలమట్టం ఆనించి పెన్సిలు గీత గీసి, రంపంతో కోసేస్తోంది. కోసిన ముక్కలు బర్ఫీ ముక్కల్లా నేల మీద రాలుతున్నాయి.

"పొట్టివి చెయ్యడం ఎంతసేపు? తియ్యడం ఎవరికైనా చాతనవుతుంది," అంది అత్త, తల ఎత్తకుండానే. "కోసిన కొయ్యని పెంచే మందే ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. పెద్దవి పదీ కొత్తగా చెయ్యాలి. ఎండిన కొయ్య లేదు. పచ్చికొయ్యతో చేస్తే నెలలో కాళ్లు వంకర్లు పోతాయి."

"పది ఇచ్చి, మిగతా పదికి గడువు అడిగితే?"

"సగం ఇస్తే సగం తిరిగొచ్చినట్టే. మీ నాన్న అనక్కర్లేదు, నేనే అంటాను."

అప్పుడే వాకిట్లోంచి నాయనమ్మ కేకేసింది. "ఏమే ఉడుతా! అక్కడ చెక్కముక్కలేమన్నా ఉంటే ఒకటి పట్రా! నా మంచం ఒక మూల కుంగింది. రాత్రంతా జారుడుబల్ల మీద పడుకున్నట్టుంది నాకు!"

ఉడుత ఒక ముక్క తీసుకుని వెళ్లింది. మంచం మూల భుజంతో ఎత్తి, కోడు కింద ముక్క తోసింది. నాయనమ్మ ఎక్కి కూర్చుని, ఇటూ అటూ కదిలి, "హమ్మయ్య, ఇప్పుడు మనిషిలా ఉంది," అంది. ఉడుత మాత్రం ఇంకా నేల మీదే మోకాళ్ల మీద ఉండిపోయింది. మంచం కోడు లావు, ముక్క సన్నం, పొంతన లేదు. కానీ స్టూలు కాలి ముక్కా స్టూలు కాలూ అయితే? అత్త కాళ్లన్నీ పైనుంచి కిందదాకా ఒకే మందంలో తీసింది.

పరిగెత్తుకుంటూ షెడ్డులోకి వచ్చి సుద్దముక్క అందుకుంది. నేల మీద గీత గీసింది. ఈ చివర పది చుక్కలు, ఆ చివర పది చుక్కలు. మధ్యలో ముప్పై ఎనిమిది దగ్గర నిలువుగా ఒక గీత. ఆ గీత నుంచి ఒక్కొక్క చుక్క ఎంత దూరమో రాసుకుంటూ పోయింది. ఎడమ వైపు అయిదు, అయిదు, నాలుగులు ఆరు, మూడు, మూడు. మొత్తం నలభై తక్కువ. కుడి వైపు మూడు, మూడు, నాలుగులు ఆరు, అయిదు, అయిదు. మొత్తం నలభై ఎక్కువ.

మళ్లీ కూడింది. చెరిపేసి మళ్లీ కూడింది.

"ఏం రాస్తున్నావే నేలంతా? ఇప్పుడే ఊడ్చాను."

"అత్తా, ఇటు చూడు. సగటు అంటే త్రాసు ముల్లు. ఈ పక్క ఎంత తగ్గుతుందో ఆ పక్క అంతే పెరుగుతుంది. ఎప్పుడైనా, ఎవరి అంకెలైనా సరే. రెండూ కలిపితే సున్నా." ఆయాసపడుతూ నేల మీది ముక్కొకటి తీసి, తిరగేసి ఉన్నవాటిలో ఇంకా కొయ్యని స్టూలు కాలి మీద పెట్టింది. అంచుకి అంచు సరిపోయింది. "మనం చిన్నవాటికి ఎంత కోస్తామో, పెద్దవాటికి సరిగ్గా అంతే కావాలి. కొత్త కొయ్య ఒక్క వేలెడు కూడా అక్కర్లేదు!"

అత్త ఆ ముక్కని చేత్తో తడిమింది. తీసింది, మళ్లీ పెట్టింది. ఇంకో కాలి మీదా పెట్టి చూసింది.

"వెళ్లి మీ నాయనమ్మ మంచం కింద ముక్క పట్రా," అంది చివరికి. "ఒక్కటి తగ్గినా ఒక స్టూలు కుంటిదవుతుంది."

ఆ ముక్క ఇవ్వనని నాయనమ్మ కాసేపు మొండికేసింది. దొరికిన సుఖం ఎవరు వదులుకుంటారు? ఇటుక రాయి తెచ్చి పెట్టాక గాని మంచం దిగలేదు.

*

అనుకున్నంత సులువుగా కాలేదు. మొదటి కాలికి జిగురు రాసి, ముక్క అతికించి, అత్త పొడుగు మేకు కొట్టింది. సగం దిగిందో లేదో ముక్క టప్‌మని రెండుగా చీలింది. ఎండిన కొయ్య, పైగా చిన్న ముక్క, మేకుని ఓర్చుకోలేదు. ఉడుత గుండె కూడా ఆ చప్పుడే చేసింది. నలభైలో ఒకటి పోయింది.

అత్త రెండు చెక్కల్నీ ఏరి, జిగురు పెట్టి, తాడుతో గట్టిగా బిగించి అవతల పెట్టింది. "ఏడవకు. అతుక్కుంటుంది. మేకు పనికిరాదు, చీల వెయ్యాలి."

చీల అంటే చిటికెన వేలంత గుండ్రటి చెక్కపుల్ల. కాలి అడుగున ఒక రంధ్రం, ముక్కలో ఒక రంధ్రం, రెండింటిలోకీ దిగేలా జిగురుతో చీల. లోపల ఎముకలా పట్టుకుంటుంది. రంధ్రాలు రెండూ సరిగ్గా నడిమధ్యన పడాలి, లేకపోతే ముక్క పక్కకి జరిగి కాలు బెణికినట్టు కనిపిస్తుంది. చీలలు చెక్కడం అత్త పని. నడిమధ్య గుర్తులు పెట్టడం ఉడుత పని. కాళ్లు నలుపలకలవి, అందుకని ప్రతి కాలి అడుగునా, ప్రతి ముక్క మీదా చతురస్రానికి మూల నుంచి మూలకి రెండు గీతలు గీసింది. గీతలు కలిసిన చోట బరమా మొన ఆనించి తిప్పింది.

పదో రంధ్రం దగ్గర అరచెయ్యి ఎర్రబడింది. ఇరవయ్యో రంధ్రం దగ్గర బొబ్బ లేచింది. ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ వెళ్తూ అమ్మ ఆ చెయ్యి చూసి, దూదీ గుడ్డా పెట్టి కట్టింది. "ఇంక మానేస్తావా?" అనడిగింది. ఉడుత తల అడ్డంగా ఊపింది. అమ్మ రెండో చేతికి కూడా ముందుజాగ్రత్తగా ఒక కట్టు కట్టి వెళ్లిపోయింది.

వెలుతురు ఉన్నంతసేపూ చేశారు. ఆదివారం పొద్దున మళ్లీ మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి నలభై ముక్కలూ నలభై కాళ్లకి ఎక్కాయి. చీలిన ముక్క కూడా, మచ్చతో సహా, తన కాలికి తాను ఎక్కింది. అతుకు దగ్గర సన్నటి గీత కనిపిస్తోంది.

"కాళ్లకి కడియాలు వేసినట్టుంది అత్తా. రంగు పూద్దామా, కనిపించకుండా?"

"ఎందుకు? దొంగతనం చేశామా? కనిపించనీ," అంది అత్త. టేపు పట్టి చూసి, మొహం చిట్లించింది. "రెండు మిల్లీమీటర్లు తక్కువొచ్చిందే నీ లెక్క."

"రాదే! సున్నా వచ్చిందిగా!"

"నీ లెక్కకి పళ్లు లేవు తల్లీ. రంపానికి ఉన్నాయి. దాని వాటా అది తినే మనకి ఇస్తుంది." అత్త నేల మీది పొట్టుని కాలితో చూపించింది. "నీ సున్నాలో తగ్గింది ఇదిగో, ఇక్కడుంది."

సరిగ్గా అప్పుడే నాన్నతో కలిసి టైర్లాయన వచ్చాడు. బొద్దుగా, నల్లటి చేతులతో, మెడలో టేపు వేసుకుని ఉన్నాడు. గుమ్మం దగ్గర మొహమాటంగా ఆగిపోయాడు. "కొలుచుకుని వెళ్లిపోతానక్కగారూ. మీ పనికి అడ్డం రాను."

"కొలుచుకోండి," అంది అత్త. "కొలిచేటప్పుడు మాత్రం సగటు కట్టకండి. మా ఇంట్లో అది కలిసిరావడం లేదు."

ఆయనకి అర్థం కాకపోయినా నవ్వాడు. గోడ పొడవునా టేపు లాగుతూ, వంగి కడియాల కాళ్లని చూశాడు. అత్త ఆయన్నే చూస్తూ ఏదో లెక్క వేసుకుంది.

"మీ దగ్గర రెండు మిల్లీమీటర్ల మందం పాత రబ్బరు ఉంటుందా?"

"ఉండకపోవడమేంటి, పాత ట్యూబులు గుట్టలున్నాయి. ఎందుకూ?"

"ఈ కాళ్లకి చెప్పులు తొడగాలి."

అలా షెడ్డు కొలుచుకోవడానికి వచ్చిన మనిషి, అది సగంలో వదిలేసి, రబ్బరు తేవడానికి వెళ్లాడు. తెచ్చి ఊరుకోలేదు. తన కత్తితో తనే నలభై ముక్కలూ కోసి ఇచ్చాడు. రబ్బరు కొయ్యడంలో ఆయన చెయ్యి ఆగలేదు. జిగురు ఆరేదాకా అందరూ గుమ్మంలో కూర్చున్నారు. ఆ తర్వాత నాన్న లేచాడు. ఇంట్లో అందరికంటే బరువు ఆయనదే. చెప్పులు విప్పి, చీలిన ముక్క ఉన్న స్టూలే ఏరి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. రెండు కాళ్ల మీదా ఒకసారి, ఒంటికాలి మీద ఒకసారి. తర్వాత ఎగిరి దూకాడు, మళ్లీ ఎక్కాడు.

"నాన్నా, విరగ్గొడతావా ఏంటి!"

"విరిగితే ఇక్కడే విరగాలి, అక్కడ కాదు," అన్నాడు నాన్న. మిగతా తొమ్మిదీ కూడా ఎక్కి చూశాకే చెప్పులేసుకున్నాడు.

*

సోమవారం పొద్దున బండి మీద ఇరవై స్టూళ్లూ బడికి చేరాయి. చదువుల గదిలో పది ఒక వరస, పది ఒక వరస పెట్టారు. హెడ్ మిస్ట్రెస్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంటమ్మా? అన్నీ ఒకేలా ఉండాలన్నాను కదా. ఇవి పొట్టి, అవి పొడుగు. చూసినవాళ్లు ఏమనుకుంటారు, మిగిలినవేవో తెచ్చి పడేశారనుకోరూ?"

అత్త నోరు తెరిచింది. మాట రాలేదు. కొయ్యతో మాట్లాడినంత ధైర్యంగా ఆఫీసువాళ్లతో మాట్లాడటం ఆమెకి చేతకాదు, అది తాతయ్య చూసుకునేవాడు. గుమ్మం బయట నాన్న చేతిలో షెడ్డు తాళంచెవి ఉంది. ఆయన దాన్ని వేలికి తిప్పుతూ, ఆపుతూ, మళ్లీ తిప్పుతున్నాడు. అది ఉడుతకి కనిపిస్తూనే ఉంది.

ఉడుత గదిలోని చిన్న బోర్డు దగ్గరికి వెళ్లింది. అరచేతికి కట్టుంది, సుద్దముక్క సరిగా పట్టుబడలేదు. అయినా గీత గీసింది, అంకెలు వేసింది, ఇరవై చుక్కలూ పెట్టింది. రెండు కుప్పలు, నడుమ ఖాళీ.

"ఈ గదిలో కూర్చునేవాళ్లు వీళ్లు మేడమ్. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్కరు. నేనే కొలిచాను. మీరు చెప్పినట్టే మేము ముందు అన్నీ ఒకేలా చేశాం. ముప్పై ఎనిమిది." ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. "ఇక్కడ. ఇక్కడ ఎవరూ లేరు మేడమ్. ఇరవైమందికి చేశాం, ఒక్కరికీ సరిపోలేదు. తప్పు నాదే, పటం వెయ్యకుండా సగటు ఇచ్చాను. అందుకే మళ్లీ చేశాం. ఇప్పుడు ఈ కుప్పకి ఇవి, ఆ కుప్పకి అవి."

"మాటలు బాగానే ఉన్నాయి," అన్నారు హెడ్ మిస్ట్రెస్. గది చివర నిలబడ్డ లెక్కల టీచర్ వైపు చూశారు. టీచర్ చెవి వెనక సుద్దముక్క సర్దుకున్నారే గాని, ఒక్క మాటా సాయం చెయ్యలేదు. ఆ సమయంలో అది కోపం తెప్పించింది గాని, తర్వాత తల్చుకుంటే ఉడుతకి అదే నచ్చింది.

"పిల్లల్ని కూర్చోబెట్టి చూడండి మేడమ్," అంది ఉడుత. "మీరు వాళ్ల మొహాలు చూడకండి. పాదాలు చూడండి."

పిల్లలు వచ్చి కూర్చున్నారు. చిన్నవాళ్లు చిన్న వరసలో, పెద్దవాళ్లు పెద్ద వరసలో. హెడ్ మిస్ట్రెస్ కళ్లజోడు సర్దుకుని, కొంచెం వంగి, ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ పాదాలే చూశారు. ఇరవై జతల పాదాలు. అన్నీ నేల మీద బల్లపరుపుగా ఆనుకుని ఉన్నాయి. ఒక్క బటాణీ మాత్రం అలవాటు కొద్దీ కాళ్లు ఊపబోయి, మడమలు నేలకి తగిలి, "అయ్యో, ఇప్పుడు ఊపుకోలేను," అంది.

హెడ్ మిస్ట్రెస్ ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక నవ్వారు. నిచ్చెన కూర్చున్న స్టూలు కాలి మీద ఉన్న గీతని వేలితో తడిమి చూశారు. "ఇదేంటి, అతుకా? ఊడిపోదూ?"

ఈసారి అత్తకి మాట వచ్చింది. కొయ్య సంగతి కదా. "మా తమ్ముడు దాని మీద ఎగిరి చూశాడండి. ఎనిమిదో తరగతి పిల్లలు మా తమ్ముడికంటే బరువుంటే చెప్పండి, తీసుకుపోతాను."

"అన్నీ ఒకేలా ఉన్నాయని రాయలేను," అన్నారు హెడ్ మిస్ట్రెస్ కాగితం మీద సంతకం పెడుతూ. "అందరికీ సరిపోయాయని రాస్తాను. చాలా?"

"చాలండి," అంది అత్త.

*

ఇంటికొచ్చాక నాన్న షెడ్డులోకి వెళ్లి, తాతయ్య ఎప్పుడూ తాళంచెవి పెట్టే మేకుకి దాన్ని తగిలించాడు. తగిలించి, అది ఊగడం ఆగేదాకా చూసి వచ్చేశాడు. ఆ మేకు ఆ గోడకి ఏడాదిన్నరగా బోడిగా ఉంది.

సాయంత్రం టైర్లాయన మళ్లీ వచ్చాడు. టేపు తేలేదు. గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి, "షెడ్డు ఇవ్వరని తెలిసిందిలెండి," అన్నాడు. "దానికి రాలేదు. పొద్దస్తమానం టైరు మీద కూర్చుని నడుం పడిపోతోంది అక్కగారూ. నాకొక స్టూలు చేస్తారా? ఆ పొడుగు రకం. కడియాలుండాలి."

"కొయ్య ఎండాలి. వేసవి దాటాలి."

"ఇన్నాళ్లు టైరు మీద కూర్చున్నాను, ఇంకొన్నాళ్లు కూర్చుంటాను."

అత్త ఉడుత వైపు చూసింది. ఉడుత అప్పటికే టేపు తీసింది. కట్టు కట్టిన చేత్తో ఆయన మోకాలి దగ్గర కూలబడి, "చెప్పులు వేసుకోండి. గోడకి ఆనుకోండి. కదలకండి," అంది.

"ఏంటమ్మా, నాకు కూడా సగటు కడతావా?"

"మీరొక్కరే కదండీ," అంది ఉడుత. "ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే చాలు."